విజయనగరం కంటోన్మెంటులో ఖరీదైన ఇల్లు: పాత బంగళా, కొత్త ఫ్లాటు, ఊరి వెలుపలి విల్లా

విజయనగరంలో ఖరీదైన ఇల్లు కొనాలనుకునే కుటుంబాలు ముందుగా వాకబు చేసేది కంటోన్మెంటు గురించే. బ్రిటిషువారి కాలంలో సైన్యానికి విడిదిగా ఉన్న ఆ ప్రాంతంలో వీధులు వెడల్పుగా ఉంటాయి, ఆవరణలు పెద్దవి, పాత చెట్లు ఇంకా మిగిలి ఉన్నాయి. 1979లో జిల్లా ఏర్పడిన తరువాత కలెక్టరేటు అటువైపే స్థిరపడడంతో ఆ ప్రాంతానికి అధికారిక గౌరవం కూడా తోడైంది. కోట, గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి చుట్టూ ఉన్న పాత ఊరికి తనదైన వైభవం ఉంది. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం నాడు పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే దారిలో ఇల్లుండడం అక్కడివారు అదృష్టంగా భావిస్తారు, అందులో తప్పేమీ లేదు. కాని రెండు కార్లు నిలుపుకునే చోటు, నాలుగు వైపుల నుంచి గాలి, వృద్ధులు ఉదయం పూట నడవడానికి అనువైన వీధి కావాలనుకున్నవారు చివరికి కంటోన్మెంటు వైపే చూస్తారు.

అలా చూసేవారి ఎదుట సాధారణంగా మూడు రకాల ఇళ్ళు ఉంటాయి. పెద్ద ఆవరణలో ఉన్న పాత బంగళా ఒకటి. అటువంటి ఆవరణలోనే పాత ఇంటిని తొలగించి కట్టిన అపార్టుమెంటులో విశాలమైన ఫ్లాటు రెండవది. విశాఖ వైపు వెళ్ళే దారిలో, డెంకాడ, జొన్నాడ, నాతవలస ప్రాంతాలలో ప్రహరీ కట్టిన లేఅవుట్లలో వచ్చే డూప్లెక్సు విల్లా మూడవది. వీటి మధ్య నాలుగవ రకం కూడా ఉంది. ఇరవై, పాతికేళ్ళ క్రితం ఎవరో ఉద్యోగి లేదా వైద్యుడు తన కుటుంబం కోసం శ్రద్ధగా కట్టుకున్న రెండంతస్తుల మేడ అది. ప్రకటనలలో అది పెద్దగా కనిపించదు, మధ్యవర్తులు కూడా దానిని చివరికి గాని చూపించరు. నా ఉద్దేశంలో చాలా కుటుంబాలకు సరిపడేది అదే. ఎందుకో లెక్కతో సహా చెబుతాను.

ఇంటికి పెట్టే డబ్బులో నేలకు ఎంత పోతున్నది, గోడలకు ఎంత పోతున్నది అనేది విడదీసి చూడకుండా ఈ రకాలను పోల్చడం సాధ్యం కాదు. గోడలు, పలకరాళ్ళు, వంటగది అరలు, స్నానాల గదిలో కుళాయిలు ఏటేటా విలువ తగ్గేవి, డబ్బుంటే ఎప్పుడైనా మార్చుకోదగినవి. నేల, నీరు, దస్తావేజులోని స్పష్టత మాత్రం కొన్న తరువాత మార్చుకోలేనివి. ఖరీదైన ఇళ్ళ అమ్మకాలలో కొనేవారి చూపు మొదటి వాటి మీద పడేలా ఏర్పాట్లు జరుగుతాయి కనుక రెండవ వాటిని మనమే పనిగట్టుకుని అడగాలి.

నేల లెక్క

లెక్క తేలికగా ఉండడానికి కంటోన్మెంటు పరిసరాలలో గజం 40,000 రూపాయలు అనుకుందాం. ఇది ఉదాహరణకు వేసుకున్న అంకె మాత్రమే. మీరు చూస్తున్న వీధిలో అసలు ధర వేరుగా ఉంటుంది, దానిని ఈ మధ్య జరిగిన రిజిస్ట్రేషన్లను బట్టి తెలుసుకోవాలి. రెండు వేల గజాల స్థలంలో అయిదు అంతస్తులు కట్టి, 2,400 చదరపు అడుగుల ఫ్లాట్లు ఇరవై అమ్ముతున్నారనుకోండి. ఒక్కొక్క ఫ్లాటుకు వచ్చే అవిభాజ్య వాటా, అంటే అందరికీ ఉమ్మడిగా ఉండే నేలలో విడదీయని భాగం, వంద గజాలు, దాని విలువ 40 లక్షలు. ఫ్లాటు ధర కోటీ అరవై లక్షలైతే మిగిలిన కోటీ ఇరవై లక్షలు కట్టడానికి, బిల్డరు లాభానికి పోతున్నట్టు. అంటే చదరపు అడుగుకు 5,000 రూపాయలు. ఆ డబ్బుకు ఆ నాణ్యత వస్తున్నదా లేదా అనేది ఊళ్ళో ఇళ్ళు కట్టిన ఏ ఇంజనీరైనా అరగంటలో చెప్పగలడు.

అయితే ఆ 2,400 అడుగులలో మెట్లు, లిఫ్టు, నడవాలలో మీ వాటా కూడా కలిసి ఉంటుంది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే అందరూ రెరా అని పిలిచేది, కార్పెట్ ఏరియా ఎంతో చెప్పి తీరాలంటుంది. గోడల లోపల మీరు నిజంగా వాడుకునే నేల అది. ప్రకటనలోని విస్తీర్ణంలో నాలుగో వంతు దాకా ఇక్కడ తగ్గిపోవడం మామూలే. కనుక రెండు ఫ్లాట్లను పోల్చేటప్పుడు ప్రకటన అంకెలను పక్కన పెట్టి, కార్పెట్ ఏరియా మీద ధర ఎంత పడుతున్నదో వేసుకోవాలి. అవిభాజ్య వాటా ఎన్ని గజాలో అమ్మకపు ఒప్పందంలో అంకెలతో రాయించుకోవాలి. “దామాషా ప్రకారం” అని వదిలేసిన ఒప్పందం మీద సంతకం చేయకూడదు.

అదే వీధిలో 700 గజాల పాత బంగళాకు యజమానులు మూడు కోట్ల పది లక్షలు అడుగుతున్నారనుకుందాం. నేల విలువే రెండు కోట్ల ఎనభై లక్షలు కనుక ఇంటికి పడుతున్నది 30 లక్షలే. ఆ పాత ఇల్లు నిలబెట్టదగినదైతే అది చాలా తక్కువ, కూల్చవలసినదైతే ఆ డబ్బు వృథా. ఊరి వెలుపల గజం 20,000 చొప్పున 250 గజాలలో మూడు వేల అడుగుల విల్లా కోటీ డెబ్భై లక్షలైతే నేలకు 50 లక్షలు, మిగిలినది కట్టడానికీ రోడ్లకూ క్లబ్ హౌసుకూ. ఇక నాలుగవ రకం సంగతి: 300 గజాలలో పాతికేళ్ళ నాటి మేడ. నేలకు కోటీ ఇరవై లక్షలు, పాత ఇంటికి పదో పదిహేనో లక్షలు, మరమ్మతులకు పాతిక లక్షలు. మొత్తం వేసుకుంటే ఫ్లాటు ధరే అయింది. కాని చేతికి వచ్చిన నేల వంద గజాలకు బదులు మూడు వందల గజాలు, అదీ ఎవరితోనూ పంచుకోనక్కరలేనిది. నలభై ఏళ్ళ తరువాత ఆ ఇంటిని పడగొట్టి కట్టుకోవాలంటే మీ పిల్లలు ఇరవై కుటుంబాల సమ్మతి కోసం తిరగనక్కరలేదు. నేను ఆ మేడ వైపు మొగ్గడానికి కారణం ఇదే.

ఇక్కడ బ్యాంకు సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం 75 లక్షలు దాటిన గృహ రుణాలకు ఆస్తి విలువలో 75 శాతానికి మించి ఇవ్వరు. ఆ విలువలో రిజిస్ట్రేషను ఖర్చులను కలపరు. పాత ఇళ్ళకైతే బ్యాంకు తరఫు ఇంజనీరు కట్టడానికి వేసే విలువ బాగా తక్కువగా ఉంటుంది. అందువలన పాత బంగళా కొనేవారి దగ్గర సొంత సొమ్ము ఎక్కువ ఉండాలి. కొత్త ఫ్లాటుకు అప్పు పుట్టినంత సులువుగా దీనికి పుట్టదు.

పాత బంగళాను ఎలా చూడాలి

విజయనగరంలో మిగిలిన పాత బంగళాలలో చాలావాటికి గోడలు ఇటుకా సున్నంతో కట్టినవి, పైకప్పు మద్రాసు టెర్రేసు. అంటే టేకు దూలాల మీద ఇటుకలను అంచు మీద నిలబెట్టి సున్నంతో బిగించి, పైన గచ్చు చేసిన కప్పు. బాగా చూసుకున్న మద్రాసు టెర్రేసు కింద వేసవిలో ఉండే చల్లదనం నేటి స్లాబు కింద ఉండదు. కాని దాని ప్రాణమంతా దూలాల చివర్లలో ఉంటుంది. దూలం నడుము చూసి ఎవరైనా బాగుందంటారు. అసలు చూడవలసినది అది గోడలోకి దూరే జానెడు మేర. కప్పు మీద నీరు నిలిచిన ఇళ్ళలో ఆ నీరు గోడ వెంట దిగి సరిగ్గా అక్కడే ఊరుతుంది, చెదలు కూడా అక్కడే మొదలవుతాయి. నిచ్చెన వేయించుకుని, సన్నని స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క దూలం చివరను గట్టిగా పొడిచి చూడండి. గట్టి టేకులో మొన దిగదు. రంగు కింద కర్ర పొట్టుగా మారినదైతే మొన మెత్తగా లోపలికి పోతుంది. పది దూలాలలో రెండు అలా ఉంటే బాగు చేయించుకోవచ్చు, సగం అలా ఉంటే మీరు కొంటున్నది నేల మాత్రమేనని అనుకుని బేరం చేయాలి.

గోడల అడుగున మోకాలెత్తు వరకు తెల్లగా ఉప్పు తేలి, సున్నం పెచ్చులుగా రాలుతుంటే నేలలోని చెమ్మ పైకి ఎక్కుతున్నదని అర్థం. ఈ చెమ్మను దాచడానికి అమ్మేముందు కొందరు సిమెంటు పూత పూయిస్తారు. సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే చెమ్మ బయటికి ఆరే దారి మూసుకుపోయి లోపల ఇటుకే పాడవుతుంది. కొత్తగా నున్నగా ఉన్న గోడ అడుగు పాత ఇంటిలో శుభసూచన కాదు. ఇటువంటి ఇంటిని ఆగస్టు, సెప్టెంబరు నెలలలో నాలుగు రోజులు వరుసగా వాన పడిన తరువాత ఒకసారి తప్పక చూడాలి, ఏప్రిల్లో చూసి ఒప్పుకోకూడదు. విద్యుత్తు తీగలలో ఎర్తింగు ఉందో లేదో, అయిదారు ఏసీలు పెట్టాలంటే విద్యుత్తు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ వారి దగ్గర లోడు ఎంత పెంచుకోవాలో, సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో కూడా ఆ రోజే తెలుసుకోవచ్చు.

పాత ఆవరణను కొని కొత్త ఇల్లు కట్టుకోవాలనుకునేవారు బేరానికి ముందే మున్సిపల్ కార్పొరేషను పట్టణ ప్రణాళిక విభాగంలో ఒక సంగతి అడగాలి. మాస్టర్ ప్లానులో ఆ వీధిని ఎంత వెడల్పు చేయాలని ఉన్నదో తెలుసుకోవాలి. కొత్త ప్లాను మంజూరు చేసేటప్పుడు ఆ మేరకు ముందు స్థలం వదలవలసి వస్తుంది. 700 గజాలు అని కొన్నది కట్టుబడికి వచ్చేసరికి 620 గజాలు కావడం అలాగే జరుగుతుంది. పెరట్లో పెద్ద మామిడి, చింత చెట్లుంటే నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు చేసిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి లేకుండా కొట్టకూడదు. ఆ మాట నియమం కోసం చెప్పడం లేదు. కంటోన్మెంటుకు ఆ పేరు వచ్చినది చెట్ల వలన కూడాను, వాటిని నిలుపుకుని ఇంటి నక్షా గీయించుకోగల వాస్తుశిల్పులు ఉన్నారు. చెట్టు కొట్టేసి ఏసీ పెట్టుకోవడం కోసం అంత ధర పెట్టి అక్కడ కొనవలసిన అవసరం లేదు.

దస్తావేజులు: ఈ ఊరికే ప్రత్యేకమైన చిక్కులు

విజయనగరంలో భూమి చరిత్ర మిగతా పట్టణాల కంటే కొంత వేరు. పూసపాటి వారి జమీందారీ 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో ముగిసింది. 1958లో ఆ వంశపు పి.వి.జి. రాజు విద్యాసంస్థలు నడిపే మాన్సాస్ ట్రస్టును స్థాపించారు. ఊళ్ళోనూ చుట్టుపక్కలా ట్రస్టు భూములు, దేవాలయ భూములు, ఇనాము భూములు, అగ్రహారాలు, రైత్వారీ పట్టా భూములు పక్కపక్కనే ఉంటాయి. అందువలన అమ్మేవారి పేరు మీద రిజిస్టరు దస్తావేజు ఉండడం ఒక్కటే చాలదు. ఆ దస్తావేజుకు వెనుక ఉన్నది, దాని వెనుకది చూసుకుంటూ పోతే మొదటి మూలం ఏమిటో తేలాలి: పట్టానా, ఇనామా, లీజా, పంపకమా? లీజు మీద మొదలైన హక్కు ఎన్ని చేతులు మారినా లీజు హక్కే.

రిజిస్ట్రేషను చట్టం 22-ఏ కింద నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు అందులో చేరుస్తారు. ఒక సర్వే నంబరులో కొంత భాగం మాత్రమే దేవాదాయ శాఖదైనా మొత్తం నంబరు జాబితాకు ఎక్కిన సందర్భాలు రాష్ట్రంలో ఉన్నాయి కనుక, టౌన్ సర్వే నంబరు, వార్డు, బ్లాకు వివరాలతో అడ్వాన్సుకు ముందే సరిచూసుకోవాలి. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం, ఆన్‌లైనులో 1983 నుంచి దొరుకుతుంది. కంటోన్మెంటులోని పాత ఇళ్ళకు అది చాలదు, అంతకు ముందు కాలానికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో పాత పుస్తకాలలో వెతికించాలి. ఈ పనికి స్థానిక సివిల్ న్యాయవాదికి ఇచ్చే ఫీజును ఇంటి ఖర్చులో మొదటి ఖర్చుగా లెక్క వేసుకోవాలి.

పాత బంగళాలకు ఇంకొక చిక్కు వారసులది. తాతగారి పేరు మీద ఇల్లు, ఆయన పిల్లలలో ఒకరు విశాఖలో, ఒకరు హైదరాబాదులో, మనుమలు అమెరికాలో, ఇంట్లో ఉంటున్నది మాత్రం చిన్న కోడలు. ఇది ఇక్కడ తరచు కనిపించే పరిస్థితి. ఉమ్మడి కుటుంబపు పిత్రార్జితంలో సమాన హక్కు పెళ్ళికాని ఆడపిల్లలకు 1985లోనే ఆంధ్రప్రదేశ్ సవరణతో, ఆడపిల్లలందరికీ 2005లో కేంద్ర సవరణతో వచ్చింది. “మా అత్తయ్యలకు కట్నం ఇచ్చేశాం, వాళ్ళు అడగరు” అనే మాటకు దస్తావేజులో విలువ లేదు. అందరూ స్వయంగా గాని, సరైన అధికారపత్రం ద్వారా గాని సంతకం చేయాలి. విదేశంలో రాసిన అధికారపత్రానికి అక్కడి భారత రాయబార కార్యాలయం లేదా నోటరీ ధ్రువీకరణ ఉండాలి. అది మన దేశానికి చేరిన మూడు నెలలలోగా దానికి స్టాంపు రుసుము చెల్లించాలి. అమ్మేవారిలో ప్రవాసులు ఉంటే పన్ను కోత కూడా మారుతుంది. స్వదేశంలో ఉండేవారి దగ్గర 50 లక్షలు లేదా అంతకు మించిన ఆస్తి కొంటే ఒక శాతం కోసి ప్రభుత్వానికి జమ చేస్తే సరిపోతుంది. ప్రవాసికి చెల్లించే వాటాపై కోత అంతకంటే చాలా ఎక్కువ. ఆ అమ్మకందారు ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు ధ్రువపత్రం తెచ్చుకుంటే తప్ప ఎక్కువ రేటుకే కోయాలి. కోయకపోతే బాధ్యత కొన్నవారిదే. ఇంత పని ఉంది కనుకనే పాత బంగళా బేరాలు ఏడాది కూడా పడతాయి. ఆరు నెలలలో గృహప్రవేశం కావాలనుకునేవారు వీటి జోలికి వెళ్ళకపోవడం మేలు.

నీరు, గాలివాన

ఇంటి ఖరీదు ఎంతైనా వేసవిలో నీరు లేకపోతే అది సుఖమైన ఇల్లు కాదు. విజయనగరానికి మున్సిపల్ నీరు చంపావతి నది నుంచి వస్తుంది. వేసవిలో నది సన్నబడినప్పుడు దాని ప్రభావం ఊరంతటి మీద పడుతుంది. పాత ఆవరణలలో పెరటి నుయ్యి ఉంటే అది పెద్ద ఆస్తి. దానిని పూడ్చి కారు షెడ్డు వేసిన ఇంటి కంటే, మే నెలాఖరులో కూడా నూతిలో నీరు కనిపించే ఇంటికి నేను ఎక్కువ ధర పెడతాను. ఫ్లాటులో ఇరవై కుటుంబాలకు ఎన్ని బోర్లు ఉన్నాయి, వేసవిలో ట్యాంకర్లు తెప్పిస్తున్నారా, తెప్పిస్తే నెలకు ఎన్ని అనేది అమ్మేవారిని కాక వాచ్‌మ్యానును, కింది అంతస్తులో కాపురం ఉన్నవారిని అడగాలి. విల్లా లేఅవుటులో బోరే ఆధారం. అన్ని విల్లాలు నిండిన తరువాత ఆ బోరు చాలుతుందా అన్నది ఇప్పుడు నాలుగు కుటుంబాలు ఉన్నప్పటి అనుభవాన్ని బట్టి చెప్పలేము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు విజయనగరం జిల్లా కూడా దెబ్బతిన్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస ప్రాంతాన్ని ఊడ్చేసింది. ఉత్తరాంధ్రలో ఇల్లు కొనేవారు ఈ రెండు తేదీలను మనసులో ఉంచుకుని ప్రతి కిటికీనీ చూడాలి. నేల నుంచి పైకప్పు దాకా అద్దం పెట్టిన హాలు, అద్దపు పిట్టగోడ ఉన్న బాల్కనీ బొమ్మలో అందంగా ఉంటాయి. ఆ అద్దం ఎంత మందం, టఫెన్డ్ అద్దమా, చట్రం గోడకు ఎన్ని చోట్ల బిగించారు అని అడిగినప్పుడు సమాధానం చెప్పలేని బిల్డరు ఆ అందాన్ని మీ చేత ఒకసారి మళ్ళీ కొనిపిస్తాడు. కరెంటు పోయిన రోజులలో పై అంతస్తుకు నీరు ఎక్కదు, లిఫ్టు నడవదు. జనరేటరు ఉందని చెబితే అది లిఫ్టుకూ మోటారుకూ మాత్రమేనా, ఇంటి లోపల ఏమేమి నడుస్తాయి, డీజిలు ఎన్ని గంటలకు నిలువ ఉంచుతారు అని విడివిడిగా అడగాలి. పాత బంగళాకు ఈ విషయంలో ప్రమాదం చెట్ల వలన, విల్లాకు ఊరి బయట విద్యుత్తు లైను ఆలస్యంగా బాగుపడడం వలన. నూతి మీద ఒక చేతి పంపో గిలకో ఉంచుకున్నవారు ఆ రోజులలో పక్కింటివారికి కూడా నీరు ఇవ్వగలుగుతారు.

ఫ్లాటు ఎవరికి

పిల్లలు దూరదేశాలలో ఉండి, తల్లిదండ్రులు ఇద్దరే ఊళ్ళో ఉండాలనుకుంటే ఫ్లాటును కాదనడం సరికాదు. తాళం వేసి ఆరు నెలలు పిల్లల దగ్గరకు వెళ్ళి రావచ్చు. రాత్రి వేళ ఒంట్లో బాగోలేకపోతే పిలిస్తే పలికే మనిషి ఉంటాడు. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది, నెల్లిమర్లలో మిమ్స్ ఆసుపత్రి ఉంది. కాని అత్యవసరంలో మొదట కావలసినది లిఫ్టులో స్ట్రెచరు పట్టడం. ఖరీదైన భవనాలలో కూడా లిఫ్టు నలుగురు నిలబడేంతే ఉంటున్నది. టేపు తీసుకుని కొలవండి, అంబులెన్సు గుమ్మం దాకా రాగలదో చూడండి.

కట్టుబడిలో ఉన్న ఫ్లాటు, పూర్తయిన ఫ్లాటు మధ్య ధరను పోల్చేటప్పుడు జీఎస్టీని మరచిపోకూడదు. ఈ స్థాయి ధరలలో కట్టుబడిలో ఉన్న ఇంటికి 5 శాతం పడుతుంది, పూర్తయినట్టు ధ్రువపత్రం వచ్చిన తరువాత అమ్మిన దానికి పడదు. కోటీ అరవై లక్షల మీద అది 8 లక్షలు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరాలో నమోదు తప్పనిసరి. నమోదైన ప్రాజెక్టులో కొనుగోలుదారుల నుంచి వసూలైన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉంచాలి. ఇల్లు అప్పగించిన అయిదేళ్ళలోపు కట్టడపు లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో బాగు చేయాలి. భవనంలో కొంత భాగాన్ని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే కాపురం ఉండవచ్చనే ధ్రువపత్రం, వచ్చేవరకు మున్సిపాలిటీకి తాకట్టు పెట్టే పద్ధతి ఉంది. మీరు కొంటున్న ఫ్లాటు ఆ భాగంలోనిది కాదని ప్లాను, తాకట్టు పత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

వాస్తు గురించి నాలుగు మాటలు. మీకు పట్టింపు ఉన్నా లేకపోయినా, రేపు మీ దగ్గర కొనేవారికి ఉంటుంది. వీధిపోటు ఉన్న స్థలం, ఈశాన్యం తెగిన స్థలం ఈ ఊళ్ళో తిరిగి అమ్మడానికి ఆలస్యమవుతాయి. పడమటి ముఖం ఫ్లాటు కొంత తక్కువకు వస్తుంది. దాని హాలులో మే నెల మధ్యాహ్నం మూడు గంటలకు పది నిమిషాలు కూర్చుని చూస్తే ఆ తగ్గింపు సరిపోతుందో లేదో తెలుస్తుంది.

విల్లా ఎవరికి

విల్లాల ప్రకటనలన్నీ భోగాపురం చుట్టూ తిరుగుతాయి. 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం విజయనగరం నుంచి పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. విశాఖకు రోజూ వెళ్ళి వచ్చే ఉద్యోగం, భోగాపురం వైపు వ్యాపారం ఉన్నవారికి ఊరి వెలుపలి విల్లా వలన రోజుకు గంట దాకా మిగలవచ్చు, అది చిన్న విషయం కాదు. కాని విమానాశ్రయం పేరు చెప్పి అడిగే ధరలో దాని వలన రాబోయే పెరుగుదలను అమ్మేవారు ముందే కలిపేస్తారు. అందుచేత విల్లా కొనవలసినది అక్కడ కాపురం ఉండదలచినవారే. మూసి ఉంచి ధర పెరిగాక అమ్ముదామనుకుంటే అదే డబ్బును కంటోన్మెంటు పరిసరాల నేలలో పెట్టడం నయం.

విల్లాలో చూడవలసిన కాగితాలు వేరు. లేఅవుటుకు విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి ఉండాలి. రోడ్లు, బహిరంగ స్థలం స్థానిక సంస్థకు దానపత్రం ద్వారా అప్పగించి ఉండాలి. ఒకప్పుడు పొలమైన భూమిలో 2025కు ముందు వేసిన లేఅవుటైతే దానిని ఇళ్ళ స్థలంగా మార్చినట్టు ఉత్తర్వు ఉండాలి. వానాకాలంలో ఆ పొలాల నీరు ఎటు పోయేదో పక్క ఊరి రైతును అడిగితే ఒక్క మాటలో చెబుతాడు. ఆ వాగును ప్రహరీ కట్టి మూసేసి ఉంటే, ఎంత ఎత్తున పునాది వేసినా వీధిలో నీరు నిలుస్తుంది. క్లబ్ హౌసు, ఈత కొలను ఎవరి పేరున ఉంటాయి, ఇళ్ళన్నీ అమ్ముడయ్యాక వాటిని సంఘానికి రాసిస్తారా, సగం ఇళ్ళు ఖాళీగా ఉన్నప్పుడు నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవి ఒప్పందంలోనే ఉండాలి. పిల్లల బడి, కూరగాయలు, మందుల దుకాణం ప్రతి పనికీ కారు తీయవలసిన ఇంట్లో డ్రైవింగు రాని పెద్దవారు బందీలవుతారు. ఇంటి ఇల్లాలు, అత్తమామలు ఆ దారిలో ఒక సాయంత్రం వెళ్ళి వచ్చి ఒప్పుకున్న తరువాతనే అడ్వాన్సు మాట ఎత్తడం మంచిది.

బేరం కుదిరిన తరువాత

రిజిస్ట్రేషనుకు స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర శాతం, రుసుము ఒక శాతం, మొత్తం ఏడున్నర శాతం పక్కన పెట్టుకోవాలి. కోటీ అరవై లక్షల మీద అది 12 లక్షలు. విలువ తక్కువ చూపి మిగిలినది నగదుగా ఇవ్వమని అడిగితే ఒప్పుకోవద్దు. స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదు పుచ్చుకోవడాన్ని చట్టం నిషేధిస్తుంది. తక్కువ చూపిన దస్తావేజు మీద బ్యాంకు అప్పు తగ్గుతుంది, రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువ కనిపించి పన్నూ పెరుగుతుంది. రెరాలో నమోదైన ప్రాజెక్టులో రిజిస్టరు ఒప్పందం లేకుండా ధరలో పదో వంతుకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. పాత ఇళ్ళకు అటువంటి హద్దు లేదు కనుక మనమే పెట్టుకోవాలి. వారసులందరి సంతకాలు, ఈసీ, సర్వేయరు కొలత పూర్తయ్యేవరకు చిన్న మొత్తమే ఇచ్చి, హక్కులో లోపం తేలితే ఆ మొత్తం తిరిగి ఇస్తామని రాయించుకోవాలి.

కొలత మాత్రం అమ్మేవారూ ఇరుగుపొరుగువారూ ఎదుట ఉండగా జరగాలి. పాత ఆవరణలలో ప్రహరీ ఎప్పుడో ఒకసారి జరిగి ఉంటుంది. దస్తావేజులో 300 గజాలు, నేల మీద 285 గజాలు అయితే తేడాకు ధర తగ్గించుకోవాలి. నేల మీద 315 ఉంటే సంతోషించవద్దు, ఆ పదిహేను గజాలు పక్కవారివి. హద్దు రాళ్ళు పాతించి, నాలుగు మూలల ఫొటోలు తీసుకుని, రిజిస్ట్రేషను రోజు ఉదయం మరొకసారి ఈసీ తీసి చూసుకుని, ఆ తరువాతనే చెక్కు మీద సంతకం పెట్టాలి.